చివరి వరసలో ముఖం

జాన్ సాహెబ్ చేతిరాత చూడని మనిషి ఆ ఊళ్లో ఉండడు. మాచర్ల నుంచి గురజాల వెళ్లే బస్సు ఆగే ఆ సెంటర్లో ముప్పై ఏళ్ల పాటు ఏ గోడ మీద ఏ అక్షరం ఉన్నా అది ఆయన కుంచె నుంచి దిగిందే. ఎరువుల కొట్టు బోర్డు ఆయనదే, లారీల వెనక రాసే పేర్లు ఆయనవే, హైస్కూలు గోడ మీద భారతదేశం పటం కూడా ఆయనదే. ఆ పటంలో శ్రీలంక మరీ పెద్దదైపోయిందని అప్పటి సోషల్ మాస్టారు సణిగితే, కింద గోడ మిగిలిపోయింది సార్, ఖాళీగా ఎందుకని కాస్త పెంచానన్నాడట. మనిషి చదివింది ఐదో తరగతి. చదవడం కంటే ముందు గీయడం వచ్చినవాడు కాబట్టి, అరవై నాలుగేళ్లు వచ్చినా పేపరు చదివేటప్పుడు పెదాలు కదులుతూనే ఉంటాయి.

ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టినవాళ్ల కడుపు కొట్టినట్టయింది. కొందరు ఆటోలు కొనుక్కున్నారు, కొందరు పిడుగురాళ్ల సున్నం బట్టీలకు కూలికి పోయారు. జాన్ సాహెబ్ మాత్రం పట్టుదలగా కంప్యూటరు ముందు కూర్చుని, మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. బొమ్మ ఇక్కడ తయారుచేసి నరసరావుపేట పంపితే అక్కడ అచ్చయి, సాయంత్రం బస్సులో చుట్టగా వస్తుంది. దాన్ని చెక్కలకు కొట్టి నిలబెట్టడం ఇక్కడి పని.

ఫ్లెక్సీకి ఒక శాస్త్రం ఉంది. పైన గుండ్రాల్లో పెద్ద పెద్ద నాయకులు. నడిమధ్యన నిలువెత్తున ఊరి నాయకుడు, చెయ్యి ఊపుతూ. ఆయన పక్కన ఆయన కుడిభుజం అనుకునేవాళ్లు. అందరికంటే కింద, చివరి వరసలో, చిన్న చిన్న గుండ్రాల్లో కుర్రాళ్ల ముఖాలు. వేరే ఊళ్లలో అయితే అది సరదా. ఇక్కడ వర్గాలు రెండు, టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, చావుకు వెళ్లే దారులు కూడా రెండు. ఈ ఊళ్లో ఫ్లెక్సీ మీద ముఖం పడిందంటే ఆ మనిషి ఎటువాడో ఊరంతటికీ చాటింపు వేసినట్టే.

మొదట్లో ఆ చివరి వరసకు పాతికేళ్లవాళ్లు వచ్చేవారు. పోను పోను డిగ్రీ పిల్లలు, ఇంటర్ పిల్లలు, ఇప్పుడు పదో తరగతి పిల్లలు. మూతి మీద మీసం రాకముందే నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఫోటో ఫోన్లో పట్టుకుని వస్తారు. జాన్ సాహెబ్ గొణుక్కుంటూనే వాళ్ల ముఖాలు కోసి గుండ్రాల్లో పెట్టేవాడు. పిల్లలు కష్టపడి చదివేది ఎందుకు, నలుగురిలో ముఖం కనపడాలనే కదా. సినిమా టికెట్టు డబ్బుకే ముఖం సెంటర్లో ఆరడుగుల ఎత్తున కనపడుతుంటే ఇక పుస్తకం ఎవడు తీస్తాడు? ఈ మాట ఆయన అందరితో అనేవాడు. అంటూ అంటూ పని చేసేవాడు, అది వేరే సంగతి.

ఆయన కూతురు సుల్తానా, అల్లుడు, మనవడు కొట్టు వెనక వాటాలోనే ఉంటారు. అల్లుడు లారీ మీద వెళితే మూడు వారాలకు గాని కనపడడు. మనవడు రిజ్వాన్‌కు పదిహేనేళ్లు, పదో తరగతి. వాడికి లెక్కలంటే ప్రాణం. ఎరువుల కొట్టు శ్రీమన్నారాయణ గారి అబ్బాయి జ్ఞానేశ్వర్, వీడు, ఇద్దరూ సాయంత్రం కొట్లో చేరి, పాడైన ఫ్లెక్సీ ముక్కల తెల్లటి వెనకవైపు స్కెచ్ పెన్నుతో లెక్కలు చేసేవారు. శ్రీమన్నారాయణది అవతలి వర్గం. కానీ లెక్కలకు వర్గమేమిటని జాన్ సాహెబ్ ఇద్దరికీ కలిపే టీ తెప్పించేవాడు. రిజ్వాన్‌కు ట్రిపుల్ ఐటీ సీటు వస్తుందని, రాకపోతే తన పేరు మార్చుకుంటానని లెక్కల మాస్టారు హనుమంతరావు పందెం కాశాడు. ఆ ఇంటికి ఉన్న ఆశ అదొక్కటే. సుల్తానా ఆ మాటను రోజూ ఎవరో ఒకరితో అని, వెంటనే దిష్టి తగులుతుందని నాలుక కరుచుకునేది.

ఆ ఏడు బడిలో ఏదో గాలి సోకింది. వెనక బెంచీ ముందు బెంచీని మింగేసింది. పాఠం వినేవాడు వెర్రివాడు, సారు అడిగినదానికి జవాబు చెప్పేవాడు సారు చెంచా. మార్కులు తక్కువ వచ్చినవాడికి వీపు మీద చరిచి షేక్‌హ్యాండ్ ఇచ్చేవారు.

డిసెంబరులో ఒక సాయంత్రం హనుమంతరావు మాస్టారు నేరుగా కొట్టుకు వచ్చి, ఒక జవాబుల కాగితం బల్ల మీద పరిచాడు. రిజ్వాన్‌ది. మాస్టారు వేలు పెట్టి ఒక్కో మెట్టూ చూపించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర సమాధానం పద్దెనిమిది అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన ముప్పై ఒకటి అని వేశాడు. తర్వాతి లెక్కలోనూ అంతే. ఐదు లెక్కల్లోనూ అంతే.

“తెలియక తప్పు రాసేవాడికి నేను చెప్పగలను జాన్ సాహెబ్ గారూ. తెలిసి రాసేవాడికి ఏం చెప్పమంటారు?” అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర జాన్ సాహెబ్ మెల్లగా కదిపితే రిజ్వాన్ పళ్లెంలోకి చూస్తూనే అంతా కక్కాడు. ఫస్టు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చున్నవాడు లేచి వేరే బెంచీకి పోతాడట. ఆటలకు పిలవరట. జ్ఞానేశ్వర్ ఒక్కడే మాట్లాడతాడట. పైగా ఫ్లెక్సీ కొట్టు వాడి మనవడై ఉండి ఒక్క ఫ్లెక్సీలోనూ నీ బొమ్మ లేదేందిరా, మీ తాత కంటికి కూడా నువ్వు ఆనవా అని నవ్వుతారట.

“తక్కువ మార్కులొస్తే మాట్లాడతారు తాతా,” అన్నాడు.

జాన్ సాహెబ్ పళ్లెం పక్కకు జరిపాడు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆయన కడుపులో ఉంది. తాను ఐదో తరగతిలో బడి మానింది లేమి వల్లనని ఊరంతా అనుకుంటుంది, ఆయనా కాదనలేదు. అసలు సంగతి, తనతో కలిసి బడికి వచ్చే ఇద్దరూ ఒకే వారంలో మానేశారు. ఒక్కడే ఆ దారిన నడవలేక తానూ మానేశాడు. అంతే. ఒంటరితనం పిల్లవాణ్ణి ఎంత దూరం ఈడ్చుకుపోతుందో ఆయనకు తెలిసినంతగా మాస్టారుకు తెలియదు. తెలిసినవాడు చేసే తప్పు మరీ పెద్దగా ఉంటుంది.

జనవరిలో ఇవతలి వర్గం నాయకుడి పుట్టినరోజు. ఆయన యువసేనను నడిపేవాడు వేణుమాధవ్, ఇరవై మూడేళ్లవాడు, నవ్వు ముఖం, చేతికి ఎప్పుడూ ఏదో ఒక తాడు. ఫ్లెక్సీకి ఆర్డరిచ్చి, చివరి వరసకు నలుగురు పదో తరగతి పిల్లల ఫోటోలు పంపించాడు. వరసలో గుండ్రాలు ఐదు. ఒకటి ఖాళీ. జాన్ సాహెబ్ దానివైపు కాసేపు చూశాడు. చూసి, పరీక్షల ఫారానికి తీయించిన రిజ్వాన్ ఫోటో, యూనిఫాంలో ఉన్నదే, తెచ్చి అందులో పెట్టాడు. ఎవరూ అడగలేదు. రిజ్వాన్‌కు కూడా చెప్పలేదు. సూదిమందు లాంటిది, ఒక్కసారి గుచ్చితే బడిలో ఎవరూ వాడి జోలికి రాకుండా ఉంటారు, వీడు స్థిమితంగా చదువుకుంటాడు అనుకున్నాడు.

వేణుమాధవ్ చూసి ముచ్చటపడ్డాడు. “మీవోడా తాతా? ఉండనీ. ఈడు ఇంక మనోడేగా,” అన్నాడు.

ఆ మాట జాన్ సాహెబ్‌కు ఎక్కడో కలుక్కుమంది. కానీ ఫైలు అప్పటికే నరసరావుపేట వెళ్లిపోయింది.

ఫ్లెక్సీ నిలబెట్టిన రోజు సుల్తానా బస్సు దిగి దాని ముందు నుంచే ఇంటికి రావలసి వచ్చింది. వచ్చి, చేతిసంచి కూడా దించకుండా తండ్రి ఎదురుగా నిలబడింది. “ఆడి బొమ్మ ఎవురు పెట్టమన్నారు నాయనా?” పిల్లలతో కలుస్తాడని పెట్టానని ఆయన నసిగాడు. తీసెయ్యమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. “పెట్టింది తీస్తే ఇంకా చెడ్డ అమ్మా. అటు మారాడని అంటారు.” ఆ మాట తన నోటి నుంచి వస్తుంటేనే జాన్ సాహెబ్‌కు సంగతి తెలిసొచ్చింది. ఫ్లెక్సీ ఎక్కడం వరకే తన చేతిలో ఉంది, దిగడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

విచిత్రమేమంటే మొదటి మూడు వారాలు అంతా బాగుంది. రిజ్వాన్ ముఖం విప్పారింది. ఆ నలుగురూ వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. లెక్కల్లో యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి, ఎవరూ లేచి పోలేదు. మాస్టారు కొట్టుకు వచ్చి మీరేం మంత్రం వేశారో గాని పిల్లవాడు దారిలో పడ్డాడని మెచ్చుకుని వెళ్లాడు. జాన్ సాహెబ్ ఆ మెప్పును మారుమాట్లాడకుండా జేబులో వేసుకున్నాడు. ముందున్న ముసళ్ల పండగ ఆయనకు కనపడలేదు.

మొదట మారింది జ్ఞానేశ్వర్. సాయంత్రాలు కొట్టుకు రావడం మానేశాడు. వాళ్ల నాన్న వద్దన్నాడేమో అనుకున్నాడు జాన్ సాహెబ్. నాన్న కాదు, తరగతే వద్దంది. నడుమ దారికి అటువైపు బెంచీలు ఒక వర్గానివి, ఇటువైపువి ఇంకో వర్గానివి అయిపోయాయి. ఎవరూ గీత గీయలేదు, అయినా ఎవరూ దాటలేదు. ఆ మధ్యలో నిలబడి హనుమంతరావు మాస్టారు త్రిభుజాలు చెప్పేవాడు.

తర్వాత రిజ్వాన్ మారాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, ఇక్కడ ఆరు వారాలే పట్టింది. ఒకడు టీకి లేస్తే ఐదుగురూ లేవాలి. ఒకడు జుట్టు కత్తిరించుకుంటే ఐదుగురికీ అదే కటింగు. ఫిబ్రవరి పరీక్షలో అరగంట కాగానే ఒకడికి ఏమీ రాక కాగితం ఇచ్చేసి లేచాడు, మిగతా నలుగురూ లేచారు. రిజ్వాన్‌కు అన్నీ వచ్చు. రెండు లెక్కలు చేసి లేచాడు. గుమ్మం దగ్గర మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపితే, మెల్లగా విడిపించుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో అడిగితే పబ్లిక్‌లో రాస్తాలే అన్నాడు. విసుక్కోలేదు కూడా, నవ్వుతూనే అన్నాడు.

ఫిబ్రవరి నెలాఖరున ఒక ఉదయం ఫ్లెక్సీ చివరి వరస మీద అడ్డంగా చిరిగి ఉంది. గాలికి చిరిగిందని కొందరు, ఊరి ఆంబోతు కొమ్ము తగిలిందని కొందరు అన్నారు. నిజంగా ఏమైందో ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు. వేణుమాధవ్ ఆ ఐదుగురినీ దాని ముందు నిలబెట్టాడు. జాన్ సాహెబ్ తన కొట్లోంచి చూస్తూనే ఉన్నాడు. “చిరిగింది గుడ్డ కాదురా, మీ మొహాలు. మీకు పౌరుషం ఉందో లేదో నాకు తెలవదు,” అన్నాడు వాడు. ఏం చెయ్యాలో చెప్పలేదు. అంత తెలివితక్కువవాడు కాదు.

మర్నాడు బడి విడిచాక బస్‌స్టాపు దగ్గర ఆ నలుగురూ అవతలి పిల్లలను అడ్డగించారు. మాటలయ్యాయి, తోపులాటయింది, రాళ్లు లేచాయి. ఒక రాయి జ్ఞానేశ్వర్ కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. పదో తరగతి పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

రిజ్వాన్ ఇంటికి వచ్చేసరికి వాడి ఒంటి మీద ఐదు పుస్తకాల సంచులున్నాయి. “నేను సంచులు పట్టుకున్నా తాతా. అంతే, ఇంకేం చెయ్యలా,” అన్నాడు. జాన్ సాహెబ్ నమ్మాడు. వాడు అంతవరకూ ఆయనతో ఎప్పుడూ అబద్ధమాడలేదు.

పొద్దున్నే శ్రీమన్నారాయణ వచ్చాడు. మనిషి మెత్తనివాడు, కొట్లో కూలివాణ్ణి కూడా పేరుతో పిలిచేవాడు కాదు, ‘నాయనా’ అనేవాడు. ఇప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పోలీసులకు కాగితం ఇవ్వబోతున్నానని, ఫ్లెక్సీ చివరి వరసలో ఉన్న పిల్లల పూర్తి పేర్లు, తండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు కావాలని అడిగాడు. ఆర్డరు ఫైలుతో పాటు అవన్నీ జాన్ సాహెబ్ రాసిపెట్టుకుంటాడని ఊళ్లో అందరికీ తెలుసు. జాన్ సాహెబ్ కంప్యూటరు మీద గుడ్డ కప్పాడు. తెరిస్తే ఐదో పేరు కూడా చెప్పాలి.

శ్రీమన్నారాయణకు అర్థమైంది. “మీవాడి పేరు రాయను సాయిబూ. మావాడు ఆ పేరు రాస్తే అన్నం ముట్టనన్నాడు. రిజ్వాన్ దూరంగా నిలబడ్డాడు, చెయ్యెత్తలేదని ఒకటే చెప్తున్నాడు.”

జాన్ సాహెబ్ రెండు చేతులూ జోడించాడు. ఏడ్చాడు కూడా. ఆ ఏడుపులోనే కంప్యూటరు తెరిచి, మిగతా నలుగురి పేర్లూ నంబర్లూ ఒక్కొక్కటే చదివి రాయించాడు. తన మనవణ్ణి కాపాడినవాడికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా అనుకున్నాడు. ఆ నలుగురూ కూడా ఎవరో ఒకరి మనవళ్లేనని ఆయనకు ఆ క్షణాన తట్టలేదు. తన దగ్గర తీసుకున్నట్టు ఎవరికీ చెప్పవద్దని బతిమాలాడు. శ్రీమన్నారాయణ చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నాడు.

చెప్పనక్కర్లేకపోయింది. నలుగురినీ ఫోన్ చేసి స్టేషనుకు పిలిచారు. అందులో ఒకడి ఫోను నంబరు వారం కిందట మార్చినది. ఫ్లెక్సీ బాగు చేయించాలని కొట్లో ఇచ్చాడే తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. పైగా బొమ్మలు ఐదు, పేర్లు నాలుగు. వేణుమాధవ్‌కు అంతకంటే పెద్ద లెక్క రానవసరం లేదు.

రిజ్వాన్‌ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. బడికి వెళితే అటువైపు బెంచీలు వాడివి కావు, ఇటువైపు బెంచీల మీద పుస్తకాలు పరిచి చోటు లేదన్నారు. రెండు రోజులు వెనక గోడకు ఆనుకుని నిలబడి పాఠం విన్నాడు. మాస్టారు కుర్చీ ఇస్తే కూర్చోలేదట. మూడో రోజు ఉదయం తాత దగ్గరకు వచ్చాడు.

“పేర్లు నువ్వే ఇచ్చావా తాతా?”

జాన్ సాహెబ్ అబద్ధమాడదామనుకున్నాడు, నోరు రాలేదు. “నీకోసమేరా,” అన్నాడు.

రిజ్వాన్ తల ఊపాడు, అరవలేదు. శుభ్రంగా స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, తల దువ్వుకున్నాడు. ఆ రోజు బడిలో హాల్ టికెట్లు ఇస్తారు. సుల్తానా వాడి నుదుటి మీద ముద్దుపెట్టి, టికెట్టు జాగ్రత్తగా తెచ్చుకోమని చెప్పి పంపింది. పిల్లవాడు తేరుకున్నాడని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

పన్నెండు గంటలకు మాస్టారు ఫోన్ చేశాడు. అందరూ తీసుకున్నారు, మీవాడు రాలేదు అన్నాడు. పావుగంట తర్వాత ఇంకో ఫోను, స్టేషను నుంచి.

జాన్ సాహెబ్ చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లాడు. స్టేషను మెట్ల ముందు వేప నీడలో ఆ నలుగురూ, వేణుమాధవ్ నిలబడి ఉన్నారు. ఆయన్ను చూసి పక్కకు తప్పుకుని మర్యాదగా దారి ఇచ్చారు. ఆ మర్యాద ఆయనకు చాలా భయం కలిగించింది.

లోపల ఎస్సై ఎదురుగా రిజ్వాన్ నిలబడి ఉన్నాడు. ఎస్సై చెడ్డవాడు కాదు, అలసినట్టున్నాడు. “మీవాడు తనంతట తానే వచ్చాడు పెద్దాయనా. రాయి వేసింది నేనేనంటున్నాడు. ఫిర్యాదులో నీ పేరు లేదురా, ఇంటికి పో అని రెండుసార్లు చెప్పాను. మిగతా నలుగురూ కూడా వీడేనంటున్నారు. ఇప్పుడు నేనేం చెయ్యను?”

వీడు రాయి వెయ్యలేదని, సంచులు పట్టుకున్నాడని, కావాలంటే దెబ్బ తిన్న పిల్లవాణ్ణే అడగమని జాన్ సాహెబ్ గబగబా చెప్పాడు. ఆ ఫ్లెక్సీలో ఫోటో పెట్టింది తానేనని, వాడికి తెలియనే తెలియదని, ఏదైనా ఉంటే తన మీద రాయమని ఎస్సై బల్ల పట్టుకుని ప్రాధేయపడ్డాడు. ఫోటోకూ రాయికీ సంబంధం ఏమిటో ఎస్సైకి అర్థం కాలేదు. పిల్లవాడు కాబట్టి కొట్టేది లేదు, లోపల పెట్టేది లేదు, మిగతా నలుగురితో పాటు పిల్లల కోర్టు ముందు హాజరుపెట్టాలి అన్నాడు. ఎప్పుడని అడిగితే సోమవారం అన్నాడు. సోమవారం మొదటి పరీక్ష.

జాన్ సాహెబ్ మనవడి భుజాలు పట్టుకుని కుదిపాడు. “ఒరేయ్, నిజం చెప్పరా. నువ్వెయ్యలేదని ఒక్క మాట చెప్పు. పరీక్ష పోద్దిరా, సీటు పోద్దిరా.”

రిజ్వాన్ ఆయన చేతులను నెమ్మదిగా భుజాల మీది నుంచి తీసి, తన చేతుల్లో పెట్టుకున్నాడు. పెద్దవాడు చిన్నపిల్లాణ్ణి ఓదార్చినట్టు మాట్లాడాడు.

“ఏం కాదులే తాతా. అందరం కలిసి సప్లిమెంటరీ రాస్తాం. నేనొక్కణ్ణే కాదుగా.”

కిటికీ అవతల నుంచి ఎవరో వాడి పేరు పెట్టి పిలిచారు. వాడు అటు తిరిగి చెయ్యి ఊపాడు. ఆ పిల్లవాడు అంత సంతోషంగా ఉండగా జాన్ సాహెబ్ ఎప్పుడూ చూడలేదు.